ఇరవై ఆరో విభాగం

షిప్‌యార్డు సైరన్ మోగిన గంటకి
న్యూపోర్ట్ న్యూస్‌లో వెర్లీన్ మాబ్రీ తలుపు తట్టాను.
మెట్ల మీద పీతల బుట్టలు బోర్లించి ఉన్నాయి.
నా బిళ్ల చూసింది, నా బూట్లు చూసింది,
"కాళ్లు తుడుచుకుని రండి, నేల ఇప్పుడే కడిగా" అంది.

అడగడం వరకే నా పని.
తీర్పు చెప్పే బల్ల వేరే ఊళ్లో ఉంది.
పదమూడేళ్లుగా ఈ తీరం వెంట
ఇరుగునీ పొరుగునీ అడిగి
ఒక మనిషిని ఎంతవరకు నమ్మొచ్చో
కాగితం మీద పెట్టి పంపుతుంటాను.

ఆమె జలాంతర్గామి పొట్టలో దూరి
వెల్డింగు అతుకులు చూస్తుంది.
వెంట్రుకంత పగులు కనబడితే
సుద్దతో చుట్టూ సున్నా గీస్తుంది.
నేనూ అలాగే
ఇరవై ఆరో విభాగం, అప్పుల పేజీలో,
"ఉన్నాయి" అని ఆమె రాసిన చోట
ఎర్ర పెన్సిలుతో సున్నా చుట్టుకుని వచ్చాను.

పదకొండు వేల మూడు వందల నలభై డాలర్లు.
సగం ఆసుపత్రికి,
సగం తమ్ముడు కోర్బిన్ శవపేటికకి.
"ప్లైవుడ్డుది చూపించారు, చవక.
బతికినన్నాళ్లూ వాడు చవకవే వాడాడు" అంది,
కిటికీ కేసి చూస్తూ.

అప్పుంటే మాకేం భయం?
అప్పులేని ఇల్లు ఈ వీధిలో
దీపం పెట్టి వెతికినా దొరకదు.
మూల పడేసిన బాకీ కొస ఒకటి
గుమ్మం బయటికి వేలాడుతూ ఉంటే
ఎవడో ఒక రాత్రి దాన్ని పట్టుకుని వచ్చి
బారులో పక్క స్టూలు లాక్కుని
"నేను తీరుస్తాలే" అంటాడేమోనని.
ఆ "లే"లో ఉన్న మెత్తదనానికి
మా శాఖ శాఖంతా నిద్రపోదు.

పోయినేడు ఒకాయన. పేరు చెప్పకూడదు.
ఈమె జీతానికి మూడింతలు,
పడవ మీద అప్పు, ఆ పడవ పేరు నిశ్చింత.
ఇదే పేజీలో, ఇదే గడిలో "లేవు" అని రాశాడు.
పడవ ఇంకా తేలుతూనే ఉంది,
రెండక్షరాలకే ఆయన మునిగాడు.

"మిమ్మల్ని ఎవరైనా డబ్బుతో..."
అడగాల్సిన ప్రశ్నే. అడిగిన ప్రతిసారీ
నోట్లో సుద్ద రుచి.
కోప్పడుతుందనుకున్నా.
లేచి, ఫ్రిజ్ మీంచి బిస్కట్ల డబ్బా దింపింది.

లోపల మనియార్డరు రసీదులు.
నలభై. నలభై. ఒక నెల పదిహేను.
ఒక నెల రసీదు లేదు,
గుండుసూదికి చిన్న చీటీ ఉంది:
"బాయిలర్ చెడింది. వచ్చే నెల."
ఎవరికి రాసుకుంది ఆ సంజాయిషీ?
అడగలేదు. ఫారంలో ఆ ప్రశ్న లేదు.

నేను మనసులో లెక్క వేస్తుంటే
నా పెదాలు కదిలాయి కాబోలు,
"ఇంకో ఇరవై రెండేళ్లు" అందించింది.
"అప్పటికి నాకు ఎనభై మూడు.
పళ్లుండవు, రసీదులుంటాయి."

కాసేపాగి,
"తీరదని తెలుసు.
తీరుస్తున్నానని రాసుకోండి."

రాసుకున్నాను, మా భాషలో:
సదరు వ్యక్తి సహకరించారు, పత్రాలు చూపారు.
డబ్బా మూత మీద సొట్ట గురించి
రాయడానికి చోటు లేదు.
జవాబు రావడానికి ఆర్నెల్లు పట్టొచ్చన్నాను.
"ఓడ కట్టడానికి ఏడేళ్లు పడుతుంది" అంది,
గుమ్మం దాకా వచ్చి.

కారులో కూర్చున్నానో లేదో ఫోను మోగింది.
తెలియని నంబరు, ఈ వారంలో నాలుగోసారి.
నా మోకాలి ఆపరేషన్ తాలూకు వాళ్లయి ఉంటారు.
ఇప్పుడు మా ఖాతాల్నీ
రాత్రిళ్లు ఒక యంత్రం చదువుతోందట,
ఎవరి తలుపూ తట్టకుండా.

మోగనిచ్చాను.
మా ఇంట్లోనూ ఫ్రిజ్ మీద
ఏదో డబ్బా ఒకటి ఉండాలి.
మూత తీసి ఎన్నాళ్లయిందో.