యాభై కిలోమీటర్ల తర్వాత

విడాకుల కాగితాల మీద సంతకాలు పెట్టడానికి
ఒకే కారులో బయల్దేరాం, ఒస్వాల్దో, నేను.
రెండు బళ్లకు పెట్రోలు దండగ అన్నాడు.
ఇరవై రెండేళ్లలో వాదన లేకుండా ఒప్పుకున్న మాట
అదొక్కటేనేమో.
కారు నాది. స్టీరింగు అతనిది, ఎప్పటిలాగే.

పటగోనియాలో రోడ్డంటే గులకరాళ్లు, గాలి.
రియో గయేగోస్ ఇంకా అరవై కిలోమీటర్లుందనగా
వెనక ఎడమ చక్రం
ముందు గుసగుసలాడింది,
తర్వాత కుంటిగుర్రంలా నడిచింది.
"బ్రేకు గట్టిగా తొక్కకు" అన్నాను.
ఆశ్చర్యం, విన్నాడు.
వేగం దానంతటది చచ్చేదాకా వదిలి
గొర్రెల ఫారం గేటు దగ్గర, గట్టినేల మీద ఆపాడు.
ముక్కు గాలికి ఎదురుగా పెట్టించాను.
ఇక్కడ గాలికి అడ్డంగా నిలిపిన బండి
జాకీ మీద నిలవదు.

మా నాన్న పీకో త్రుంకాదోలో పంక్చర్లు వేసేవాడు.
"పైకి లేపిన బండిని నమ్మకు, నెలీదా,
అది ఎప్పుడూ దిగిపోదామనే చూస్తుంటుంది" అనేవాడు.

హ్యాండుబ్రేకు. ఫస్టు గేరు. నాలుగు మూలలా మినుకుమనే లైట్లు.
ఎర్ర త్రికోణం పట్టుకుని అతను వెనక్కి నడిచాడు.
"ఇక్కడ చాలా?"
"ఇంకా. చమురు లారీలు నీ మొహం చూసి ఆగవు."
గాలి దాన్ని రెండుసార్లు బోర్లా పడేసింది.
రాళ్లు ఏరుకొచ్చి దాని కాళ్ల మీద పేర్చాడు,
సమాధి మీద పేర్చినంత శ్రద్ధగా.

ఎదురుమూల చక్రానికి ముందొక బండరాయి, వెనకొకటి.
గులకలో జాకీ దిగబడకుండా అడుగున మాంసం కొట్టే చెక్క.
వంటింటి పంపకాల్లో అది అతని వాటా,
డిక్కీలో పెట్టెల మీదే ఉంది.

నట్లు ముందే వదులు చెయ్యాలి, చక్రం నేల మీద ఉన్నప్పుడే.
లేచాక తిప్పితే మొత్తం బండే తిరగబడుతుంది.
(నాన్న నట్ల సంగతే చెప్పాడు. ఇంకేదీ కాదు.)
ఒస్వాల్దో స్పానరు మీద నిలబడి తన బరువంతా వేశాడు.
ఒక్కొక్కటీ కీచుమని లొంగింది.

బండి లేచింది.
"స్టెప్నీ కింద పడుకోబెట్టు" అన్నాను, "బాడీ అంచు కింద."
"ఎందుకు, నిమిషంలో బిగించేదేగా?"
"పెట్టు."
గొణిగాడు, పెట్టాడు.
చక్రం ఊడదీశాం. ఒక నట్టు దొర్లి
కారు కిందికి పోయింది. అతను చెయ్యి చాచాడు.

అప్పుడొచ్చింది లారీ.
త్రికోణం చూసి పక్కకి జరిగింది గాని
దాని గాలి జరగలేదు.
కారు ఒక్క ఊపు ఊగి, జాకీ ఒరిగి,
ధనామని స్టెప్నీ మీద కూర్చుంది.

జానెడు సందు మిగిలింది కింద.
అందులో అతని చెయ్యి.
మెల్లగా లాక్కున్నాడు. పిడికిట్లో నట్టు.
ఆ చేతిని తిప్పి తిప్పి చూసుకున్నాడు,
సంతలో బేరమాడుతున్న వాడిలా.
నేనూ చూశాను, చాలా నెలల తర్వాత.
మళ్లీ గోళ్లు కొరుక్కుంటున్నాడు.

ఏమీ అనుకోలేదు.
చెక్క సరిచేసి మళ్లీ లేపాం.
పంక్చరైన చక్రం కిందికి, స్టెప్నీ పైకి.
నట్లు వరసగా కాదు, ఒకటి విడిచి ఒకటి,
పిల్లలు గీసే నక్షత్రంలా.
దించాక ఇంకోసారి, గట్టిగా.
"యాభై కిలోమీటర్లు పోయాక మళ్లీ చూడాలి" అన్నాను.
అతను సీటు బెల్టు పెట్టుకుంటున్నాడు. విన్నాడనుకోలేదు.

కోర్టులో గుమాస్తా మా వేళ్లు చూసి
డ్రాయర్లోంచి గుడ్డ తీసిచ్చింది.
అయినా నా పేరు పక్కన కొంచెం నలుపు అంటింది.
పరవాలేదు, అంది, చెల్లుతుంది.

అతని బస్సు ఆరింటికి.
సామాన్లు దించుకున్నాడు, చెక్క తప్ప.
"ఉండనీ, జాకీ కిందికి."
తర్వాత స్పానరు తీసి, కోర్టు మెట్ల ముందే,
ఇస్త్రీ ప్యాంటుతో మోకాళ్ల మీద కూర్చున్నాడు.
"అరవై నడిచాం" అన్నాడు.

నాలుగు నట్లు కదల్లేదు.
ఐదోది పావు తిప్పు తిరిగింది.