ఏడు మెట్లు

తాంబరం దాటాక అడయారు
చీరంచంత సన్నగా పారేచోట
బండి ఆపి, చెయ్యి చాపాడు సెల్వమణి:
"ఇదే మేడమ్, న్యూ హాంబర్గ్ నగర్."
తుమ్మచెట్లు, రంగు జెండాలు, సున్నపు గీతలు.
ఆ గీతల మీద తీరిగ్గా పేడ వేస్తూ ఒక గేదె.

"ఒరగడంలో జర్మనీ లారీల ఫ్యాక్టరీ,
అదిగో, ఆ చర్చీ జర్మనీ వాళ్లదే.
రేటు కూడా జర్మనీదే, గట్టిది."
తన జోకుకి తనే నవ్వుకుని
విల్లంగం చూపించాడు.
ముప్పై ఏళ్లకి మచ్చలేని కాగితం.
అమ్మినవాడు, కొన్నవాడు, తాకట్టు విడిపించుకున్నవాడు
అందరి పేర్లూ ఉన్నాయి.
ఏటి పేరు లేదు.

మా ఆయన అడుగులు వేసి మూలలు కొలుస్తుంటే
నేను మంచినీళ్ల కోసం చర్చి వైపు నడిచాను.

పాదిరి బంగళా. సగం పెంకులు రాలిపోయాయి.
రాలిన పెంకు వెనక అచ్చు గుద్దిన పేరు,
నాకు రాని భాషలో.
గంట కొట్టే దేవసకాయం గ్లాసు కడిగిచ్చి
నా అరవంలో తెలుగు వాసన పట్టి
"నెల్లూరా?" అన్నాడు.
"పెరంబూరు. నాలుగు తరాలు" అన్నాను.

ఇంత చిన్న ఇంటికి ఏడు మెట్లెందుకు?

"దొర కడుతుంటే ఊరంతా నవ్విందట,
ఈ వాగుకి అంత భయమా అని.
ఆయనేం బదులు చెప్పలేదు.
మన భాష ఇంకా రాలేదు కదా."
చీపురుపుల్లతో చూపించాడు,
ఆరో మెట్టు మీద మట్టిరంగు గీత.
"పదిహేనులో, డిసెంబరు.
అరవై మందిమి ఈ వరండాలోనే
ఒకే అండాలో సాంబారన్నం."

సెల్వమణిని అడిగితే
"అది వందేళ్లకోసారి మేడమ్" అన్నాడు.
ఎప్పటినుంచి లెక్కపెట్టాలో చెప్పలేదు.

కొన్నాం.
నమ్మి కాదు. పెరంబూరులో అద్దె
నా జీతం కంటే తొందరగా పెరుగుతోంది.
ప్లానులో ఒక పడగ్గది కొట్టేసి
ఆ డబ్బు పునాదిలో పోశాం.
మేస్త్రీ నవ్వాడు.
బ్యాంకాయన నవ్వలేదు, మళ్లీ లెక్క వేశాడు.

గృహప్రవేశం నాడు అత్తయ్య మోకాళ్లు పట్టుకుని
మెట్టుకో తిట్టు తిట్టింది నన్ను.
ఏడోదానికి తిట్లు అయిపోయి
అక్కడే కూలబడి
"గాలి బానే వస్తోందే" అంది.

మొన్న రాత్రి కార్తీకం వాన.
నిద్రపట్టక టార్చి వేసి తలుపు తీశాను.
వీధి ఎక్కడుందో తెలియలేదు.
మూడో మెట్టు మీద ఒక కప్ప,
కాపలాకి వచ్చినట్టు బిగుసుకుని.
నాలుగోది ఎక్కితే లేపమని దానికి చెప్పి
తలుపు వేసుకున్నాను.