పోటుకు ముందు

మురుగుకాలవలో దిగడం తెలిసినవాళ్లని
నూనెలోకీ దింపొచ్చని ఎవరికి తోచిందో,
తెల్లారి నాలుక్కి కార్పొరేషన్ లారీ
మమ్మల్ని ఎన్నూరు వంతెన కింద దించింది.
పద్నాలుగు మందిమి. గ్లౌజులు తొమ్మిది జతలు.

వాసన ముందొచ్చింది.
ఏరు తర్వాత కనిపించింది.
టార్చి వేస్తే నీళ్లు కదల్లేదు,
వెలుగే జారిపోయింది.
నల్లటి మడ్డి, అంచుల్లో నెమలి మెడ రంగులు.
బాగుందే, అని నోరు జారినందుకు
పెంచలమ్మ తిట్టింది నన్ను.

డిపో గొట్టం ఎక్కడో పగిలిందన్నారు.
వాన వల్లన్నారు. మాది కాదన్నారు.
మూడు కంపెనీల చొక్కాలు, మూడు రంగుల టోపీలు
ఒడ్డున నిలబడి ఫొటోలు తీసుకున్నాయి.
మేం అడిగింది ఒక్కటే,
ముంచేది దేనితో?

స్నానాల మగ్గులతో.
నీలం ప్లాస్టిక్, ధర చీటీ ఇంకా ఊడలేదు.
పడవ అంచున బోర్లా పడుకుని
నీళ్లు రాకుండా పైపొర మాత్రం
పాల మీద మీగడలా తీయమన్నాడు మేస్త్రి ఇళంగో.
"పాలు విరిగి చాలా సేపయింది సామీ"
అన్నాడు పోలయ్య, ముంచుతూనే.

మగ్గు నుంచి బకెట్, బకెట్ నుంచి డ్రమ్ము.
డ్రమ్ము నిండితే చాక్‌పీసుతో ఒక గీత.
మధ్యాహ్నానికి పదకొండు గీతలు.
అన్నం డబ్బా మూత తీస్తే
చారు కూడా లారీ వాసనేసింది.

అప్పుడొచ్చింది కన్నియమ్మ.
నడుం లోతు నీళ్లలో, బురదలో చేతులు పెట్టి
రొయ్యల్ని తడిమి పట్టే మనిషి.
తాటాకు బుట్ట పళ్లతో కరుచుకుని
నలభై ఏళ్లుగా పనిలో మాట్లాడని మనిషి.
ఇవాళ బుట్ట లేదు. నోరు ఖాళీ.
"అడ్డు అక్కడ కాదు" అంది అరవంలో,
నారింజ రంగు బూమ్ వేసిన చోటు చూపించి.
"పోటొస్తే మలుపు తిరిగి మడచెట్లలోకి ఎక్కుతుంది.
వేరుకి పట్టిందంటే మీ మగ్గులకి రాదు."

ఇంజినీరు మ్యాపు విప్పాడు.
మ్యాపులో మలుపు ఉంది. పోటు లేదు.
"ఎప్పుడొస్తుంది?"
ఆమె ఆకాశం చూడలేదు,
మడమ చుట్టూ నీళ్లు ఎటు తిరుగుతున్నాయో చూసుకుంది.
"రెండు గంటలు. ఇంకా తక్కువే."

కుప్పం వాళ్లు పాత వలలు తెచ్చారు.
లోపల కూరడానికేమీ లేదు.
దేశప్పన్ పెళ్లాం ఇంట్లోకి పోయి
పరుపు ఈడ్చుకొచ్చి నడివీధిలో
కత్తిపీటకి పెట్టి పొట్ట చీల్చింది.
కొబ్బరిపీచు.
ఇంకో ఇంట్లోంచి ఇంకో పరుపు.
నీది వద్దమ్మా అంటే వినలేదు ఒక బాలింత.
పీచు కూరి, గోనె సూదులతో కుట్టి,
తేలడానికి ఖాళీ నీళ్ల క్యాన్లు కట్టి,
కొండచిలువలాంటి దాన్ని భుజాల మీద మోసి
మలుపులో పడేశాం.

పోటొచ్చింది,
చప్పుడు చేయకుండా, అప్పులవాడిలా.
నూనె దాని వెనకే వచ్చి
మా పరుపులకి ఆనుకుని నిలబడింది.
కొంత కిందనుంచి దూరింది. చూశాం.
కొంత ఆగింది.
ఎంతో తెలీదు,
ఆగినదానికి చాక్‌పీసు గీతలుండవు.

రాత్రి కిరసనాయిలుతో చేతులు తోముకున్నాం,
నూనె వదలడానికి ఇంకో నూనె.
ఆపైన కొబ్బరినూనె. ఆపైన సబ్బు.
గోళ్లలో నలుపు అట్లానే.
కన్నియమ్మ తన చేతుల్ని ఒళ్లో పెట్టుకుని
ఎవరివో దాచమని ఇచ్చినట్టు చూస్తోంది.
"రొయ్యకి వేలి వాసన తెలుస్తుంది" అంది.

ఏమనాలో తెలీక ఫోను తీశాను.
ఈ ఏట్లో సగం మా వైపు నీళ్లే.
నగరి కొండల్లో తెలుగులో బయల్దేరి
ఇక్కడికొచ్చేసరికి అరవం నేర్చుకున్న నీళ్లు,
మా తాతలాగే.
నగరిలో మా పిన్ని కూతురు ఎత్తింది.
"వాన పడిందా అక్కడ?"
"నిన్నట్నుంచి పడతానే ఉంది. ఏటికి నీళ్లొచ్చాయి.
ఎందుకే?"

పైనుంచి నీళ్లొస్తే ఇదంతా తోసేస్తాయి
అని చెప్పబోయి
ఎక్కడికి తోస్తాయో గుర్తొచ్చింది.
అవతల సముద్రం. తీరాన బోర్లించిన దేశప్పన్ పడవ.
"ఊరికే" అన్నాను.