దూరం పోయే కాయ

పత్రిక నుంచి ఫోను: "నాలుగొందల మాటలు చాలు సార్.
ఎలా వెళ్లాలి, ఎక్కడ తినాలి, ఒక మంచి ఫోటో."
నా నోటుబుక్కులో పదమూడు పేజీలున్నాయి.

తిరుపతి దగ్గర మొదలుపెట్టాను కొట్టేయడం.
కొండ తీసేశాను. నేను రాయకపోయినా అది కనిపిస్తుంది.
బస్టాండు గచ్చు మీద, గుండుకి పూసిన గంధం ఆరకముందే
తండ్రి చెప్పులు తలకింద పెట్టుకుని నిద్రపోయిన పిల్లాణ్ణి
తీసేశాను, మళ్లీ పెట్టాను,
అందరూ చూసిందే కదా అని మళ్లీ తీసేశాను.
పాకాల బస్సులో కండక్టరు నాకివ్వాల్సిన ఏడు రూపాయల చిల్లర
నా గొడవ, ఊరిది కాదు.

దామలచెరువు మండీకి వచ్చేసరికి పెన్ను ఆగింది.
జూన్ నెల. లారీల మధ్య నడవడానికి సందు లేదు.
కాళ్లకింద వరిగడ్డి, చితికిన కాయలు, ఈగలు.
ఈగల్ని ఉంచాలా?
ఆ పేజీ కింద హోటలు వాళ్ల ప్రకటన వస్తుందట.

చెంగమ్మ, ఆ పేరు నేను పెట్టిందే,
తోతాపురి గుట్ట ముందు గొంతుక్కూర్చుని
నాతో మాట్లాడుతూనే ఏరుతోంది.
కుడికొకటి, ఎడమకి రెండు, ఎప్పుడో ఒకటి ఒళ్లోకి.
"ఎట్లా తెలుస్తుంది?" అన్నాను.
"దూరం పోయేది పచ్చిగుండాల నాయనా.
మాగింది ఈడే తినేయాల. లారీకెత్తితే
పక్కదాన్ని గూడా చెరుపుతాది."
అప్పుడు చూసింది నా చేతిలో పెన్ను.
"ఏందది, రాసుకుంటా ఉండావా?
నా కూలి రాయబాకు. మండీ ఆయన చూస్తే పనికి రావద్దంటాడు."

కూలి రాయలేదు.
పచ్చివే ఏరి పంపాను:
మండీ ఏ వేళకి తెరుస్తారు, ఎన్ని రకాల కాయలు,
దారిలో చంద్రగిరి కోట, దాని టికెట్టు.
ఒళ్లోవి ఎవరికని అడిగితే
తొడిమ దగ్గర వాసన చూసి
జవాబుకు బదులు ఒకటి నా చేతిలో పెట్టడం
పంపలేదు.

ఆదివారం అచ్చయింది.
ఫోటోలో గుట్ట మొత్తం ఉంది.
ఆమె చెయ్యి మణికట్టు దాకా ఉంది, అక్కడ కోసేశారు.
పాకాలకి చివరి బస్సు ఏడున్నరకని వేశారు.
నా పుస్తకంలో ఆ అంకె మీద సొన పడి నల్లబడింది,
ఏడో ఎనిమిదో నాకే తెలీదు.
నా మాట నమ్మి వెళ్లినవాళ్లు
మండీ గేటు ముందు, ఈగల్లో,
కాసేపు నిలబడాల్సి రావచ్చు.