విజిల్

ఐస్ ఫ్యాక్టరీ నుంచి నేరుగా వచ్చాడు ఓనరు.
ప్యాంటు అంచులు ఇంకా తడి,
జేబులో నానిన చలానాలు,
ఒంటి మీద ఉప్పూ, రంపపుపొట్టూ, చేపల వాసన.
కాశిమేడు ఎండలో ఆయనొక్కడే
చలికి వణికే వాడిలా చేతులు రుద్దుకుంటాడు.

అప్పటికే మైదానంలో మాటలు అయిపోయాయి.
మాస్టారు గోల్‌పోస్టు దగ్గర,
సేసురాజు కార్నర్ జెండా దగ్గర,
నడుమ మేమందరం, కరెంటు తీగ మీద పిట్టల్లా.

జరిగింది ఇదీ:
మొన్నటి ఆటలో డెబ్బయ్యో నిమిషాన బయటికి పిలిస్తే
తొమ్మిదో నంబరు చొక్కా విప్పి
మాస్టారి కాళ్ల ముందు బురదలో కొట్టాడు.
తమిళంలో ఒక మాట అన్నాడు.
ఆ మాట నేను తెలుగులో కూడా చెప్పను.

నాలుగు ఆటలు కూర్చోమన్నారు మాస్టారు.
ఆదివారమే హార్బర్ వాళ్లతో ఆట,
ఓడితే కింది డివిజన్‌కి దిగిపోతాం.
ఈ రెంటి మధ్యా ఇరుక్కుని వచ్చాడు
పెంచలయ్య, మా ఓనరు.

"మాస్టారూ, పిల్లోడు..."
"ఇరవై రెండేళ్లు."
"వాళ్ల నాయన పడవ మూణ్ణెల్లుగా గట్టు మీదే ఉందంట. ఇంజను..."
"తెలుసు. అప్పుకి నా దగ్గరికే వచ్చాడు."
సేసురాజుకి ఈ సంగతి తెలియదు.
జెండా కర్రని పీకి, మళ్లీ అదే గుంటలో గుచ్చాడు.

ఓనరు కాసేపు సముద్రం వైపు చూశాడు.
అక్కణ్ణుంచి సముద్రం కనబడదు, వాసనే వస్తుంది.
"డబ్బు నాది గదా" అన్నాడు చివరికి,
ఎవరో తన చేత అనిపించినట్టు, మెల్లగా.
"ఆదివారం వాడు ఆడతాడు."

మాస్టారు అరవలేదు.
మెడలోంచి విజిల్ తీశారు.
పదహారేళ్ల తాడు మచ్చ
తెల్లగా మెడ మీదే ఉండిపోయింది.
విజిల్‌ని ఓనరు అరచేతిలో పెట్టి
"అయితే ఊదండి" అన్నారు.

ఊదాడు.
ఊపిరి పోయింది, కూత రాలేదు.
మళ్లీ ఊదాడు. తడికట్టెల పొయ్యి మీద ఊదినట్టు
ఉస్సుమని గాలి, నాలుగు తుంపర్లు.
దాని లోపలి గింజ అరిగిపోయి చాన్నాళ్లయింది,
నాలుకతో ఓ పక్క నొక్కిపట్టి ఊదాలి.
ఆ కిటుకు మాస్టారికే తెలుసు.
గోలీ దేవసహాయం ముందు నవ్వాడు, తర్వాత అందరూ.
రోజుకి ఐదువందల ఐసు దిమ్మల్ని సముద్రానికి పంపే మనిషి
చెవులు ఎర్రబడి నిలబడ్డాడు.
సేసురాజు మాత్రం నవ్వలేదు.
బూటు లేసు విప్పి, మళ్లీ కట్టుకున్నాడు.

అప్పుడు వాడెళ్లి కాళ్ల మీద పడ్డాడనుకుంటారేమో.
పడలేదు.
మాస్టారు సైకిలెక్కి రైలు గేటు దాటి పొయ్యారు.

ఆదివారం వాడు ఆడాడు. గోలూ వేశాడు.
ఎప్పటిలా గోడెక్కిన జనం వైపు పరిగెత్తకుండా
బెంచీ వైపు తిరిగాడు.
అక్కడ ప్లాస్టిక్ కుర్చీలో ఓనరు.
విజిల్ మెడలో లేదు, పిడికిట్లో ఉంది.
చప్పట్లు కొట్టబోయి
పిడికిలి తెరవలేక ఆగిపోయాడు.

డివిజన్‌లో నిలబడ్డాం.
నేను మస్తానయ్యని, ఈ జట్టు బట్టలు ఉతికేవాణ్ణి.
నాకు స్కోరు కంటే లెక్క ముఖ్యం:
పదహారు చొక్కాలు, పదహారు నిక్కర్లు,
ఎప్పుడూ ఒకటి తగ్గే మేజోళ్లు.
ప్రతిసారీ ఉండచుట్టి విసిరే తొమ్మిదో నంబరు
ఆ రోజు మడతపడి నా చేతికొచ్చింది.
"మాస్టారిల్లు ఎక్కడన్నా?"
వచ్చీరాని తెలుగులో అడిగాడు.
చెప్పాను. మూడో సందు, నీలం తలుపు,
కుక్క మొరుగుద్ది గానీ కరవదు.
వెళ్లాడో లేదో నాకు తెలియదు.

రాత్రి తొట్టిలో వేసి రుద్దాను.
మడతపెట్టి ఇచ్చినా
సబ్బు అంతే పట్టింది.