మచ్చు

మూడో ప్రశ్న కాడ ఆగిపోయిన.
మీ ఉద్యోగంలో ఇప్పటిదాకా చూసిన పిల్లల్లో
ఈ అమ్మాయి ఎక్కడ?
పై పది శాతమా, పై ఒక్క శాతమా,
జీవితంలో ఒక్కసారి తగిలే పిల్లనా?
పక్కన గుండ్రటి గడులు. ఒక్కటే నింపాలె.

ఇరవై రెండేండ్లు ఫిజిక్స్ చెప్పిన,
హన్మకొండ సర్కారు కాలేజీల,
వానకాలం కురవని మూలకు బెంచీలు జరుపుకుంట.
పాత హాజరుపట్టీలు చెదలు తిన్నయి.
ఎవర్ని ఎవరి పక్కన నిలబెట్టి కొలువాలె?
అద్దంముక్క అరగదీసి లెన్సు చేసినోడొకడుండె,
ఇప్పుడు కాజీపేటల మోటర్లకు వైరు చుడుతడు.
వాణ్ని ఏ శాతంల వెయ్యాలె?

త్రివేణి వరండాల నిలబడ్డది.
సార్ రాసేది చదివే హక్కు వదులుకుంటున్నానని
ముందే టిక్కు పెట్టిందట.
అట్ల పెడితేనే నమ్ముతరట అక్కడోళ్ళు.

వాళ్ళమ్మ మొగిలమ్మది
ఎనుమాముల మార్కెట్ల చాటకూలి:
బస్తాలు విప్పిన కాడ రాలిన మిర్చి ఊడ్చి,
తాలు ఏరి, మన్ను చెరిగి పొయ్యాలె.
ఆమె ఏడాది సంపాదన డాలర్లల రాస్తే
గడి ఎర్రబడ్డది:
ఒక సున్న మర్చిపోయారేమో సరిచూడండి.
సరిచూసినం. మర్చిపోలేదు.

తర్వాతి గడి: ఫీజుకు సాయం కావాల్నా?
అక్కడి పిల్లలకైతే ఆ జవాబు పక్కకు పెట్టి చదువుతరట,
మనోళ్ళకు చానా చోట్ల అదే ముందు చూస్తరట.
"లేదని పెడదామా, లోపలికి పోయినంక అడగొచ్చు" అన్న.
నేనే అన్న, సిగ్గులేక.
"కాంటా కింద రాయి పెట్టినట్టయితది సార్" అన్నది.

ఒకనాడు బోర్డుమీద లెక్క చేసింది.
ఎనిమిది కాలేజీలు.
ఒక్కోదాంట్ల నూటికి మూడు అనుకుంటే
ఎక్కడో ఒకచోట వచ్చే వీలు
నూటికి ఇరవై ఒకటిన్నర దాటుతది.
నా మొఖం వెలిగింది కావచ్చు.
డస్టర్ తీస్కొని తుడిచేసింది.
"ఇవి ఒకదానికొకటి సంబంధంలేని ఘటనలు కావు సార్.
బస్తా ఒక్కటే.
మచ్చు తీసే చేతులే ఎనిమిది."

మార్కెట్ల చూసిన నేను.
ఖరీదుదారు నడుస్తనే ఉంటడు.
బస్తాల చెయ్యి పెట్టి పిడికెడు తీస్తడు,
ఒక కాయ విరుస్తడు, ముక్కు కాడికి తెస్తడు,
తేమ ఎంతో వేళ్ళకే తెలుస్తది.
ఎండబోసిన కల్లం, పురుగుమందు అప్పు,
మబ్బు పడితే తట్లు పరుచుకుంట ఉరికిన రాత్రి
పిడికిట్లకు రావు.
పొద్దుగాల జెండా పాట ఒక్క లాటుకే.
తెల్లారి పేపర్ల పడేది ఆ ధరే.

మా త్రివేణిని ఎన్ని నిమిషాలు చదువుతరో.
ఆరా, ఎనిమిదా?
అందుకే ఉత్తరంల తెలివిగల పిల్ల అని రాయలే.
కరెంటు పోయి ప్రాక్టికల్స్ ఆగిన నాడు
తాళంచెవుల గుత్తిని దారానికి కట్టి ఊపి
తన నాడి పట్టుకొని కాలం కొలిచిందని రాసిన.
తర్వాత రెండంతస్తులు ఎక్కి దిగి
మళ్ళ కొలిచిందని రాసిన,
తప్పు గుత్తిదో నాడిదో తేల్చుకునేందుకు.

మార్చి ఆఖర్ల, తెల్లారగట్ల జవాబులొచ్చినయి.
ఏడు వద్దన్నయి, మర్యాదగనే.
ఎనిమిదోది వెయిటింగ్ లిస్టు.
"కోల్డ్ స్టోరేజీల పెట్టిన్రు సార్" అని నవ్వింది.
మార్కెట్ నుంచి సీదా వచ్చినట్టుంది,
చున్నీకి మిర్చి ఘాటు,
ఇద్దరికీ తుమ్ములు.

ఉత్తరం ప్రింటు తీసి బల్లమీద పెట్టిన. చదువుకో అన్న.
"హక్కు వదులుకున్న గద సార్."
"అంతా అయిపోయింది గద బిడ్డా."
"అయినా" అన్నది. కాగితాన్ని బోర్లించింది.
కొంచెంసేపు కిటికీ దిక్కు చూసి,
"గుండ్రాలు నింపేది ఉంటదట గద.
ఏది నింపిన్రు?"

చెప్పిన.

"మరి వచ్చే ఏడాది ఇంకెవరన్నా అడిగితే?"

బెల్లు కొట్టిన్రు.
ఫస్టియర్ల అరవై రెండు మంది.
చాక్‌పీసు కోసం జేబుల చెయ్యి పెట్టిన,
చేతికంటింది ఒట్టి పొడి.