ముందు జబ్బుచెయ్యి

పుంటా అరెనాస్‌లో జూన్ నెల.
పదింటికి గానీ తెల్లారదు.
గాలి మాత్రం తెల్లారేదాకా ఆగదు.
మంగలి ఒయార్సో పదకొండింటికి రమ్మన్నాడు.
కొట్టు నాలుగు వీధుల అవతల.
నడకకి పావుగంట,
బట్టలకి గంట.

నలభై ఏళ్ళు గొర్రెల ఉన్ని కోశాను.
జనవరి పొడుగు పగళ్ళలో
ఒక్కో గొర్రెకి రెండున్నర నిమిషాలు.
ఒంటిమీది ఉన్నంతా ఒకే దుప్పటిలా
చిరగకుండా ఊడొచ్చేది.
"బెలర్మీనో చేతిలో పడ్డ గొర్రె
చలేస్తే గానీ మేలుకోదు" అనేవాళ్ళు షెడ్డులో.
ఇప్పుడు ఆ ఉన్నితోనే అల్లిన స్వెటరు
మంచం మీద బోర్లా పడుకుని
రా చూసుకుందాం అంటోంది.

డానిట్సా నేర్పిన సూత్రం ఒక్కటే,
ఆసుపత్రిలో ఆరు వారాలు రోజూ అదే మాట:
తొడిగేటప్పుడు ముందు జబ్బుచెయ్యి,
విప్పేటప్పుడు చివర జబ్బుచెయ్యి.
మంచి చెయ్యి ఎలాగోలా దూరుతుందిలెండి,
దానికి తోవ తెలుసు.

మొదట్లో తలకెక్కలేదు.
బతుకంతా నాకు కుడిచెయ్యే ముందు నడిచింది.
మిషను పట్టింది అది, పేరు తెచ్చుకుంది అది.
ఎడమది తోలు లాగి పట్టుకునేది, అంతే.
ముడత పడకుండా, కత్తెరకి దారి నునుపు చేస్తూ.
దాని ఊసు ఎవరూ ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు.
అది పడిపోయాక తెలిసింది,
గాటు పడకుండా బయటపడ్డ ఆ గొర్రెలన్నీ
దాని పుణ్యమేనని.

ఎడంచేతిని ఎత్తి ఒళ్ళో పెట్టుకుంటాను.
చొక్కా చేతిని ముంజేతి పొడుగునా కుచ్చులా పోగేసి
వేళ్ళని ఒక్కొక్కటే లోపలికి పంపుతాను.
బొటనవేలు మధ్యలో అడ్డం తిరుగుతుంది.
తొందరపడ్డానా, పిడికిలి బిగుస్తుంది.
తిడితే ఇంకా బిగుస్తుంది.
ఒకసారి తిట్టాను.
బతిమాలుకోడానికి అరగంట పట్టింది.

గొర్రెని పిర్రల మీద కూచోబెట్టి
వీపు నా మోకాళ్ళకి ఆనించుకుంటే
నాలుగు కాళ్ళూ గాల్లో ఉంటాయి.
కాలికి నేల తగలని గొర్రె పెనుగులాడదు.
తగిలిందా, ఇక పట్టలేం.
ఈ సంగతి చేతికి చెప్పాను.
వినలేదు, దానికి చెవులెక్కడివి.
కానీ చెబుతూ చెబుతూ నా గొంతు తగ్గిందేమో,
మోచెయ్యి దాటింది.

తీగ ఉచ్చుతో బొత్తాలు.
కాజాలోంచి ఉచ్చు దూర్చి, బొత్తాం మెడ పట్టి,
ఇవతలికి లాగడం.
పాంటు జిప్పుకి తాళంచెవి రింగు తగిలించాను.
మొదట తాళంచెవి కూడా దానికే ఉండేది.
వీధి గుమ్మంలో నిలబడి తలుపు తీస్తుంటే
ఎదురింటి పిల్లలు విరగబడి నవ్వారు.
తీసేశాను.

బూటు తాడు దగ్గరుండగా
పక్కింటి నోర్మా తలుపు కొట్టింది.
సాయం కావాలా?
వద్దన్నాను.
వెళ్ళలేదు. ఆ గాలిలో అలాగే నిలబడి
నేను తాడుకి పెట్టే శాపనార్థాలన్నీ విని,
బయటికొచ్చాక,
"మా ఆయనకి కూడా ఇన్ని రావు" అంది.

కొట్టు చేరేసరికి పన్నెండు.
ఒయార్సో గడియారం వైపు చూడలేదు,
నా చొక్కా వైపు చూశాడు.
మూడో బొత్తాం నాలుగో కాజాలో ఉంది.
సరిచేయబోయి, చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.
తెల్లగుడ్డ కప్పి మెడ వెనక ముడేశాడు.
పొద్దుటినుంచీ నా కష్టం లేకుండా
నా ఒంటి మీదికొచ్చిన బట్ట అదొక్కటే.

పెడలు తొక్కాడు.
కుర్చీ లేచింది, మళ్ళీ లేచింది.
బూట్లు నేలని వదిలాయి.
గుడ్డ చాటున కుడిచెయ్యి పాక్కుంటూ వెళ్ళి
ఎడమదాని పక్కన చేరింది.

"ఎంత తియ్యమంటావు?"

"బయట గాలుంది," అన్నాను.
"చూసి తియ్యి."